పదో నంబరు ఎవరి కోసం?

రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారన్న వార్త వింటే కోస్తా జనం గుండెల్లో రాయి పడుతుంది. ఆ అంకె ఏం చెబుతోందని అడిగితే మాత్రం జవాబివ్వగలిగేవాళ్లు తక్కువ. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ మహా ప్రమాద సూచికలే. తుపాను రేవుకు ఏ పక్కగా దాటుతుంది, లేక రేవు మీదుగానే వస్తుందా అన్నదే వాటి మధ్య తేడా. ఓడ నడిపేవాడికి పనికొచ్చే కబురు అది. పూరింట్లో ఉన్న ముసలమ్మకు ఎప్పుడు బయల్దేరాలో, ఎటు వెళ్లాలో, రాటకు కట్టిన గేదెను ఏం చేయాలో చెప్పదు. కబురు తయారుచేసేది ఒకరు, దాన్ని నమ్మి కదలాల్సింది రకరకాల మనుషులు. ప్రణాళిక రాసేనాడే వాళ్లను కూర్చోబెట్టి అడగకపోతే, కబురు చేరినా కాలు కదలదు.

దీనికి వెంటనే ఎదురయ్యే మాట ఒకటుంది. జనాన్ని అడక్కుండానే ప్రభుత్వాలు లక్షల ప్రాణాలు కాపాడలేదా అని. కాపాడాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పది వేలకు పైగా ప్రాణాలు మింగింది. 1990 మేలో అదే కోస్తాకు తుపాను వచ్చినప్పుడు 6 లక్షల మందికి పైగా జనాన్ని తరలించడంతో మృతులు వెయ్యి దాటలేదు. 1999లో పెను తుపానుకు దాదాపు పది వేల మందిని పోగొట్టుకున్న ఒడిశా, 2013లో ఫైలిన్ వచ్చేసరికి సుమారు 10 లక్షల మందిని ఖాళీ చేయించి నష్టాన్ని పదుల్లోకి తెచ్చింది. ఉపగ్రహాలు, రోడ్లు, షెల్టర్లు, గట్టి అధికారులు లేకుండా ఇది జరిగేది కాదు. అయితే ఇంత చేశాక కూడా మిగిలిపోతున్న చావులు ఎవరివి? అసలు ప్రశ్న అది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఒడిశాలో పెద్ద విషాదం మాత్రం సముద్రానికి దూరంగా, గజపతి జిల్లా కొండల్లో జరిగింది. బరఘరా అనే ఊళ్లో వానకు తడవకుండా గుహలోకి చేరినవారి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. తుపానంటే గాలి, అల, తీరం అన్న లెక్కకు అలవాటుపడిన సన్నద్ధతలో కొండ మీది వాన సులువుగా మరుగున పడుతుంది. స్థానికుల అనుభవానికే అన్నీ వదిలేయాలనేవారికి కూడా ఈ గుహే జవాబు. అది వాళ్లు ఎంచుకున్న చోటే. పెద్ద వానొస్తే మీరెక్కడ తలదాచుకుంటారని ముందే అడిగి, ఆ రాయి నిలుస్తుందో లేదో భూగర్భ శాస్త్రజ్ఞుడు చూసి ఉంటే రెండు జ్ఞానాలూ కలిసేవి.

ఈ పాఠాన్ని అందరికంటే ఖరీదుగా నేర్చుకున్నది బంగ్లాదేశ్. 1970 భోలా తుపానులో కనీసం 3 లక్షల మంది పోయారు. ఆ తర్వాత రెడ్‌ క్రెసెంట్‌తో కలిసి ఊరూరా వాలంటీర్లను నిలబెట్టి, మెగాఫోన్లు, చేతి సైరన్లు ఇచ్చారు. అయినా 1991 ఏప్రిల్లో సుమారు 1 లక్షా 40 వేల మంది చనిపోయారు. వారిలో ఆడవాళ్లే చాలా ఎక్కువ. సైరను వాళ్లకూ వినిపించింది. కానీ భర్త రాకుండా గడప దాటడమెలా? పరాయి మగవాళ్లతో కిక్కిరిసిన షెల్టరులో మరుగు లేకుండా రాత్రంతా ఉండటమెలా? పిల్లలనూ గొడ్డూ గోదనూ ఎవరికి వదలాలి? ఒంటికి చుట్టుకున్న చీరే నీళ్లలో ఉరి అయింది. తర్వాత కట్టిన షెల్టర్లలో ఆడవాళ్లకు వేరే గదులు, పశువులకు చోటు వచ్చాయి. ఇవాళ అక్కడి దాదాపు 76 వేల వాలంటీర్లలో సగం మంది స్త్రీలు. మరుగుదొడ్డికి తలుపుందా లేదా అన్నది కూడా తుపాను శాస్త్రంలో భాగమేనని మన ఇంజినీర్లకు ఎవరైనా చెప్పాలి.

భాష సంగతి మనకు మరీ దగ్గరిది. ఒడిశా తీరంలో నోలియాలంటే తెలుగు మాట్లాడే మత్స్యకారులు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. 2020లో యునెస్కో దేశంలోనే మొదటిసారి సునామీ సన్నద్ధ గ్రామాలుగా గుర్తించినవి పారాదీప్ దగ్గరి నోలియాసాహి, గంజాం జిల్లా వెంకట్రాయ్‌పూర్. ఊరి పటంలో తప్పించుకునే దారి గీయడం, బోర్డులు పెట్టడం, కసరత్తు చేయడం ఆ గుర్తింపుకు షరతులు. దారి గీయాలంటే వలలు ఎక్కడ ఆరేస్తారో, ఏ సందులో పడవ అడ్డముంటుందో ఊరివాళ్లే చెప్పాలి. అటునుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే ఒడియా కూలీల మాటేమిటి? ఫోనుకు వచ్చే తెలుగు సందేశం వాళ్లు చదవలేరు. ఊరి రేషను జాబితాలో వాళ్ల పేరుండదు.

గాలివాన వేళ సమావేశాలేమిటి, ఆజ్ఞ ఉండాలి గానీ అంటారు కొందరు. నిజమే, ఆ రాత్రికి ఆజ్ఞే కావాలి. సంప్రదింపులు వేసవిలో జరగాలి. ఆ ఆజ్ఞ కూడా ఎల్లకాలం అందదు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటుతోపాటు ఫోన్లూ మూగబోయాయి. రేవు సూచికల్లో పదో నంబరు తర్వాత ఇంకొకటుంది, పదకొండు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. అప్పుడిక మంచం పట్టిన మనిషి ఏ ఇంట్లో ఉన్నాడో, అతన్ని ఎవరు మోయాలో తెలియాల్సింది ఆ వీధికే.