హోల్బైన్ రంగుసుద్ద చిత్తరువు – దాని యజమానుల పరంపర

ప్రాచీన లిఖితప్రతిని పరిష్కరించువారు, అది ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో ముందుగా విచారింతురు. ప్రతి చివర వ్రాయసకాడు చేర్చిన వాక్యము కర్తృనిర్ణయమునకు తోడ్పడును. ఒక్కొక్కప్పుడు దారి తప్పించును. చిత్రములకును ఈ న్యాయమే వర్తించును. ఇందులకు నిదర్శనముగా ఇంగ్లండులోని విండ్సరు కోటయందున్న యొక చిత్తరువును పరిశీలింతము.

దీని కర్త హాన్స్ హోల్బైన్. ఇతడు జర్మనీలోని ఆగ్స్‌బర్గున జన్మించి, బాసెల్ నగరమున పేరుగాంచి, ఇంగ్లండునకు రెండు మారులు పోయెను: మొదట 1526–28లో, మరల 1532 ప్రాంతమున. 1543లో అచటనే మరణించెను. వర్ణచిత్రము వ్రాయుటకు ముందు, ఎదుట కూర్చున్నవారి ముఖమును నల్లసుద్దతోను రంగుసుద్దలతోను కాగితముపై దింపుకొనుట అతని పద్ధతి. మొదటి యాత్రలో పూతలేని కాగితమును వాడెను. రెండవ యాత్రలో సాధారణముగా కాగితమునకు ముందు లేతగులాబి పూత పూసెను. కాలనిర్ణయమునకు ఈ భేదము ముఖ్యాధారము.

మన చిత్తరువున టోపీ ధరించిన యువతి కలదు. పైని 'మదర్ జాక్' అను పేరున్నది. 1537లో జన్మించిన యువరాజు ఎడ్వర్డునకు ఈమె దాదియని చిరకాలము తలంపబడినది.

ఈ పే రెట్లు వచ్చినదో తెలియుటకు యజమానుల పరంపర చూడవలెను. హోల్బైన్ చిత్తరువులు గల పెద్దపుస్తక మొకటి ఎడ్వర్డు రాజుకడ నుండెననియు, చిత్తరువులకు పేర్లు వ్రాసినవాడు సర్ జాన్ చీక్ అనియు 1590 నాటి లమ్లీ ప్రభువు వస్తుపట్టికవలన తెలియుచున్నది. అటుపిమ్మట నది యువరాజు హెన్రీకిని, అతని తమ్ముడైన మొదటి చార్లెసునకును చెందెను. చార్లెసు రఫాయెల్ వ్రాసిన సెయింట్ జార్జి చిత్రమును గైకొని, పుస్తకమును పెంబ్రోక్ ప్రభువునకు మారుగా నిచ్చెను. పెంబ్రోక్ దానిని ఆరండెల్ ప్రభువున కిచ్చెను. 1675 నాటికి అది మరల రాజకుటుంబమునకు వచ్చెను. 1727లో రెండవ జార్జి రాజైన పిమ్మట, రాణి కారొలైన్ ఈ చిత్తరువులను కెన్సింగ్టన్ ప్రాసాదమునందలి యొక బీరువాలో కనుగొనెను. నేడు ఎనుబదికి మించిన చిత్తరువులు విండ్సరున భద్రముగా నున్నవి. వానిపై ఇపుడున్న యక్షరములు చీక్ స్వహస్తము గాక, పూర్వపు పేర్లకు తరువాతివారు తీసిన ప్రతియని పండితుల యభిప్రాయము.

చీక్ సాక్ష్య మెంతవరకు గ్రాహ్యము? అతడు ఎడ్వర్డునకు గురువుగా వచ్చినది 1544లో, అనగా చిత్రకారుడు మరణించిన మరుసటి యేట. తాను చూచిన సభాసదులను గుర్తించుటలో అతడు సమర్థుడే. కాని ఈ చిత్తరువు పూతలేని కాగితముపై వ్రాయబడినది. మొదటి యాత్రకు చెందినది. అప్పటికి ఎడ్వర్డు పుట్టనేలేదు. పుట్టని బిడ్డ దాదిగా ఒక స్త్రీ చిత్రింపబడుట పొసగదు.

రెండవ సాక్ష్యము బాసెల్‌లో నున్నది. సర్ థామస్ మోర్ కుటుంబమును హోల్బైన్ కలముతో చిత్రించి, 1528లో ఎరాస్మసునకు కొనిపోయెను. అందలి వ్యక్తుల పేర్లను ఖగోళవేత్త క్రాట్జర్ వ్రాసెను. ఆ కుటుంబమును స్వయముగా నెరిగినవా డగుటచే అతని మాట ప్రబలము. అందు మార్గరెట్ గిగ్స్ అను పేరున్న స్త్రీ పోలిక మన చిత్తరువుతో సరిపోవుచున్నది. కావున ఈ యువతి మార్గరెట్ గిగ్సే యని నేడు పండితులు నిర్ణయించిరి.

ఈమె మోర్ పెంచుకొన్న కూతురు. అతని కుమార్తెలతోపాటు చదివిన విదుషి. 1535 జూలై 6న మోర్ శిరచ్ఛేదమునకు గురియయ్యెను. ముందునాడు వ్రాసిన కడపటి లేఖలో, ఈమె లెక్కల పలకను ఈమెకు పంపుచున్నట్లు తెలిపెను. ఎడ్వర్డు కాలమున ఈమె భర్తతో దేశము విడిచి, 1570లో మెకెలెన్ నగరమున మరణించెను. పెంపుడు తండ్రిని చంపించిన రాజు కుమారునకే ఈమె దాదిగా శతాబ్దములపాటు చెల్లుటకంటె విపరీత మేమున్నది?

యజమానుల పరంపర వస్తువు ప్రామాణ్యమును స్థాపించును. వస్తువుపైనున్న పేరునకు మాత్ర మది పూచీపడదు. పేరు వ్రాసినవా డెవడు, అత డెప్పటివాడు, ఎవరి నెరుగును అను ప్రశ్నలు వేరుగా వేయవలెను. మన ప్రతులలోని కర్తృనామములను పరిశీలించునపుడును పరిశోధకు లీ జాగ్రత్త వహింతురుగాక!