కొత్త విండోస్‌పై పాత పేజ్‌మేకర్: తెలుగు డీటీపీ ఫైళ్ల పునరుద్ధరణ

వ్యాస సంగ్రహం:
యూనికోడ్ వ్యాప్తికి ముందు తెలుగు పుస్తకాలు, సిద్ధాంత గ్రంథాలు విస్తారంగా పేజ్‌మేకర్‌లో, అను వంటి ఫాంట్లతో కూర్చబడ్డాయి. నేటి విండోస్‌పై ఆ ఫైళ్లను తెరిచే మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఫైలు తెరుచుకున్నంత మాత్రాన పాఠం భద్రమైనట్లు కాదని, యూనికోడ్‌లోకి మారినప్పుడే అది పరిశోధనకు ఉపకరిస్తుందని నిరూపిస్తుంది.

కీలక పదాలు: పేజ్‌మేకర్, అను ఫాంట్లు, వర్చువల్ మెషీన్, యూనికోడ్, పాఠ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం:
ఆల్డస్ సంస్థ 1985లో మెకింతోష్ కోసం విడుదల చేసిన పేజ్‌మేకర్, 1994లో అడోబీ సంస్థ చేతికి వచ్చింది. 2001లో వెలువడిన 7.0 దాని చివరి ప్రధాన కూర్పు. 2004లో అడోబీ దాని అభివృద్ధిని నిలిపివేసింది. అయినా తెలుగు డీటీపీ కేంద్రాల్లో దాని వాడకం ఆ తర్వాత కూడా కొనసాగింది. ఫలితంగా ఎన్నో రచనల మూల ఫైళ్లు నేటికీ ఆ రూపంలోనే సీడీలలో, పాత కంప్యూటర్లలో మిగిలి ఉన్నాయి.

2. ఆటంకాలకు కారణాలు:
64 బిట్ విండోస్‌పై 32 బిట్ ప్రోగ్రాములు నడుస్తాయి గాని, 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. విండోస్ 11 కేవలం 64 బిట్ రూపంలోనే లభిస్తుంది. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి ప్రధాన ప్రోగ్రాము 32 బిట్‌ది అయినా, ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది కావడం వల్ల ఆరంభంలోనే పని ఆగిపోతుంది. రెండవ కారణం అనుమతులకు సంబంధించినది. పాత ప్రోగ్రాములు తమ అమరికలను తామున్న ఫోల్డరులోనే రాసుకొనేవి. విస్టా నుండి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో అలా రాయడంపై కట్టడి పెరిగింది.

3. నడిపించే మార్గాలు:
ఏ ప్రయత్నానికైనా ముందు మూల ఫైలుకు నకలు తీసి, నకలుపైనే పనిచేయాలి.

3.1 కంపాటిబిలిటీ మోడ్: ఇది పాత విండోస్‌పై నడుస్తున్నట్లు ప్రోగ్రామును నమ్మిస్తుంది. ప్రోగ్రామును వేరే ఫోల్డరులో స్థాపిస్తే అనుమతుల చిక్కు తగ్గుతుంది. అయితే 16 బిట్ సమస్యను ఈ పద్ధతి పరిష్కరించలేదు.

3.2 వర్చువల్ మెషీన్: వర్చువల్‌బాక్స్ వంటి సాధనంతో కొత్త కంప్యూటరు లోపలే 32 బిట్ విండోస్ ఎక్స్‌పీని నడపవచ్చు. ఇందుకు చట్టబద్ధమైన ఎక్స్‌పీ ప్రతి ఉండాలి. ఎక్స్‌పీకి భద్రతా మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసినందున, దానిని ఇంటర్నెట్‌కు కలపకుండా వాడాలి. నాటి వాతావరణం యథాతథంగా లభించే ఈ మార్గమే ఎక్కువ నమ్మదగినది.

3.3 ఇన్‌డిజైన్: సి.ఎస్.6 వరకు గల కూర్పులు పేజ్‌మేకర్ 6.0 మొదలు 7 వరకు గల ఫైళ్లను తెరవగలవు. తరువాతి కూర్పుల్లో ఈ సౌకర్యం తొలగించబడింది.

4. ఫాంటు సమస్య:
పేజ్‌మేకర్ ఫైలులో ఫాంటు ఇమిడి ఉండదు. నాడు వాడిన ఫాంటు కొత్త కంప్యూటరులో లేకపోతే తెలుగుకు బదులు అర్థంలేని రోమన్ గుర్తులు కనిపిస్తాయి. అను వంటి ఫాంట్లు రోమన్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంకేతస్థానాల్లో తెలుగు లిపి ముక్కలను నిలపడమే ఇందుకు కారణం. యూనికోడ్ అక్షరాన్ని భద్రపరుస్తుంది. ఈ ఫాంట్లు ఆకృతిని మాత్రమే భద్రపరుస్తాయి.

'స్త్రీ' అనే పదం ఇందుకు ఉదాహరణ. యూనికోడ్‌లో ఇది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. అచ్చు ఆకృతిలో మాత్రం ఉచ్చారణలో చివర వచ్చే ఈకారం సకారంతోనే కలిసిపోతుంది. తవత్తు, క్రావడి విడి ముక్కలుగా నిలుస్తాయి. పాత ఫాంటులో పొందుపడేది ఈ ముక్కల వరుసే. కనుక ఆ ఫైలు నుండి చేసిన పీడీఎఫ్ కంటికి చక్కగా కనిపించినా, అందులో యూనికోడ్ కీబోర్డుతో తెలుగు పదాన్ని వెతికితే దొరకదు.

5. పాఠ మార్పిడి:
ముక్కల క్రమాన్ని అక్షర క్రమంగా మార్చే సాధనాలు అందుబాటులో ఉన్నాయి. అయితే వాటి ఫలితాన్ని మూలంతో సరిచూడడం తప్పనిసరి. పాఠం మధ్యలోని ఆంగ్ల పదాలకూ అవే సంకేతస్థానాలు ఉన్నందున, ఫాంటు భేదాన్ని పట్టించుకోని సాధనం వాటిని కూడా తెలుగు ముక్కలుగా భావిస్తుంది. అరసున్న, శకటరేఫం, సంయుక్తాక్షరాలు, అంకెలు ప్రత్యేకంగా పరిశీలించదగినవి. ఛందోవ్యాకరణ విషయక గ్రంథాల్లో ఒక్క గుర్తు మారినా ఉదాహరణ తప్పిపోతుంది. అందువల్ల మూల ఫైలు, ఫాంటు, పీడీఎఫ్, యూనికోడ్ పాఠం అనే నాలుగింటినీ కలిపి భద్రపరచడం ఉచితం.

6. ముగింపు:
పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌పై నడపడం గమ్యం కాదు, గమ్యానికి వారధి. పేజీ రూపం తెరపైకి వచ్చినంత మాత్రాన పాఠం వెతకడానికి, ఉల్లేఖించడానికి, పదసూచికలు కూర్చడానికి పనికిరాదు. పాత కంప్యూటర్లు, సీడీలు పనిచేస్తున్న కాలంలోనే విశ్వవిద్యాలయ శాఖలు, రచయితలు తమ వద్దనున్న ఫైళ్ల పట్టిక సిద్ధం చేసి ఈ మార్పిడిని పూర్తిచేయాలి. ఆ పని జరగకపోతే, ఇటీవలి దశాబ్దాల తెలుగు పరిశోధనను మరొకసారి మొదటి నుండి టైపు చేసుకోవలసి వస్తుంది.