తీగ చేరిన తర్వాత కొట్టులో ఏం మారాలి?

చెన్నైని అండమాన్ నికోబార్ దీవులతో కలిపే సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు, ఖర్చు రూ.1,224 కోట్లు. అంతకుముందు దీవులన్నీ ఉపగ్రహం నుంచి అందే కొద్దిపాటి ఇంటర్నెట్‌తోనే నెట్టుకొచ్చేవి. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు, దాని పక్కనున్న బతు బస్తీ లాంటి చోట్లకు ఆ కేబుల్‌తో వేగం వచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వాళ్లలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. కాబట్టి ఇక్కడి చిన్న వ్యాపారి సంగతి మన సంగతి కూడా.

ఇంటర్నెట్ వచ్చినంత మాత్రాన కొట్టు రాబడి పెరుగుతుందా? పెరుగుతుందనే చాలామంది అనుకుంటారు. ఆఫ్రికా తీరానికి సముద్ర కేబుళ్లు చేరాక అక్కడ ఉద్యోగాలు పెరిగాయని యోనాస్ యోర్ట్, యోనాస్ పౌల్సెన్ అనే ఆర్థికవేత్తలు 2019లో చూపించారు కూడా. అయితే పెరుగుదల ఏ దారిన వస్తుందో తెలియాలంటే కొట్టు లోపలికి వెళ్లి చూడాలి.

కొట్టుకంటే ముందు, ఫోన్ బాగా పనిచేసిన చేపల వ్యాపారం సంగతి. 1997 నుంచి 2001 మధ్య కేరళ ఉత్తర తీరంలో సెల్‌ఫోన్లు జిల్లా తర్వాత జిల్లాకు వచ్చాయి. అంతకుముందు పడవవాళ్లు పట్టిన కవళ్లను తమ ఊరి రేవుకే తెచ్చేవారు. 1997 జనవరిలో ఒకరోజు వడకరలో 11 మంది జాలర్లు కొనేవాళ్లు లేక చేపల్ని పారబోయబోతున్నారు. సరిగ్గా అదే సమయానికి 15 కిలోమీటర్ల లోపే ఉన్న వేరే రేవుల్లో 27 మంది కొనుగోలుదారులు చేపలు దొరక్క వట్టి చేతులతో వెళ్లిపోబోతున్నారు. ఫోన్ వచ్చాక పడవలోంచే ధర అడిగి, ఎక్కువ పలికే రేవుకు మళ్లించడం మొదలైంది. చేపలు పారబోయడం దాదాపు ఆగిపోయింది. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన లెక్క ఇది.

ఇదే ఫోన్‌ను శ్రీ విజయపురంలోని జంగ్లీఘాట్ రేవులో దిగే పడవవాడికి ఇస్తే అంత లాభం రాదు. కేరళ తీరంలో కొద్ది దూరానికో రేవు, రేవుకో బజారు ఉన్నాయి. దక్షిణ అండమాన్‌లో పెద్ద బజారంటే శ్రీ విజయపురం ఒక్కటే. ధర తెలిసినా పడవను మళ్లించడానికి రెండో చోటు లేదు. ఇక్కడ చేపకు విలువ పెంచేవి మంచు, శీతల గిడ్డంగి, ప్రధాన భూభాగానికి సరుకు పంపే విమానంలో చోటు. అందుకే ఒకచోట పనిచేసిన సాధనాన్ని ఇంకోచోట పంచేసి ఫలితం రాలేదని జనాన్ని తప్పుపట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు కిరాణా కొట్టు చూద్దాం. ఫోన్‌తో డబ్బు తీసుకోవడం మేలే. చిల్లర గొడవ తగ్గుతుంది, దొంగనోటు భయం పోతుంది. కానీ దీవిలో కొట్టు నడిపేవాడి అసలు ఇబ్బంది చిల్లర కాదు, సరుకు. పప్పు, నూనె, సబ్బు, సిమెంటు, మేకులు, అన్నీ చెన్నై, కోల్‌కతా, విశాఖ రేవుల నుంచి ఓడలో రావాలి. తుపాను పడితే ఓడ ఆగుతుంది. అందుకని భయపడి ఎక్కువ తెచ్చి నిలవ పెడతాడు. ఉప్పుగాలికి, తేమకు కొంత పాడవుతుంది. పెట్టుబడి అటక మీద ఇరుక్కుపోతుంది. లేదంటే తక్కువ తెప్పించి, అడిగినవాళ్లకు లేదని చెప్పి పంపుతాడు. ఏది ఎన్ని రోజులకు అమ్ముడవుతుందో రాసుకునే లెక్క, అది ఫోన్‌లోని బిల్లింగ్ యాప్ అయినా సరే, గీతలు గీసిన పుస్తకమైనా సరే, ఇక్కడ ప్రధాన భూభాగంలోకంటే ఎక్కువ డబ్బు మిగులుస్తుందని నా నమ్మకం. ముంబయి చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో ఆర్థికవేత్త నిక్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగంలో సరుకు లెక్క, మరమ్మతుల లెక్క, నాణ్యత లెక్క సరిగా పెట్టించగానే మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది.

మరి ఇంత మేలైన లెక్క పద్ధతిని చాలామంది ఎందుకు వాడరు? బద్ధకమని తేల్చేయకండి. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఫుట్‌బాళ్లకు పేరున్న ఊరు. అక్కడ రెక్సిన్ వృథా తగ్గేలా ముక్కలు కోసే కొత్త అచ్చును ఎరిక్ వెర్‌హూగెన్, అమిత్ ఖండేల్వాల్ తదితరులు 35 కంపెనీలకు ఉచితంగా ఇచ్చారు. ఏడాది దాటినా వాడినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆరా తీస్తే కారణం తెలిసింది. కోసే పనివాళ్లకు ముక్కకింత అని కూలి. కొత్త అచ్చు మొదట్లో చెయ్యి తిరగక పని నెమ్మదిస్తుంది, ఆ మేరకు వాళ్ల కూలి పడిపోతుంది. మిగిలే రెక్సిన్ లాభం మాత్రం యజమానిది. అందుకే అచ్చు పనికిరాదని వాళ్లు చెప్పారు, యజమానులు నమ్మారు. దాన్ని నేర్చుకుని యజమాని ముందు కోసి చూపిస్తే దాదాపు నెల ఆదాయమంత డబ్బు ఇస్తామని పరిశోధకులు ప్రకటించాక, వాడకం గణనీయంగా పెరిగింది.

బతు బస్తీ లాంటి చోట కొట్టులో కుర్రవాడికి ప్రతి వస్తువునూ యాప్‌లో ఎక్కించే పని అప్పగిస్తే, అతనికి శ్రమ పెరుగుతుంది, జీతం అంతే ఉంటుంది. అతను దాన్ని పక్కన పెడితే తప్పు అతనిదని అనలేం. నేర్చుకునే నెలల్లో ఎంతో కొంత అదనంగా ఇవ్వడం యజమాని చేతిలో పని.

యజమానికీ తన భయాలున్నాయి. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లావాదేవీల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. బెంగళూరులో కొన్ని కొట్లు క్యూఆర్ కోడ్ తీసేసి నగదే తీసుకుంటామని బోర్డులు పెట్టాయి. సరుకులు అమ్మేవాళ్లకు జీఎస్టీ నమోదు సాధారణంగా ఏడాదికి రూ.40 లక్షల అమ్మకం దాటాకే. అందులోనూ కూరగాయలు, పాలు లాంటి వాటిపై పన్నే లేదు. ఈ సంగతి కొట్టువాడికి అతని భాషలో, నోటీసు రాకముందే చెప్పేవాళ్లు కావాలి.

ప్రపంచ బ్యాంకు 2022లో పలు దేశాల కంపెనీలను పరిశీలించి వేసిన పుస్తకం ఒక మంచి ప్రశ్న నేర్పింది. మీ దగ్గర ఏ సాధనం ఉంది అని ఆగకుండా, ఈ పనికి ఎక్కువగా ఏది వాడుతున్నారు అని అడగాలి. కంప్యూటర్ ఉన్నచోట కూడా లెక్క చేత్తోనే సాగుతున్న కంపెనీలు చాలా కనిపించాయి. దీవుల్లో కేబుల్ ఫలితాన్ని కొలిచే అధికారులు ఎన్ని కనెక్షన్లు ఇచ్చామన్న సంఖ్యతో పాటు ఇంకొన్ని అడగాలి. పోయిన ఓడకు ఏం తెప్పించాలో కొట్టువాడు దేన్ని చూసి నిర్ణయించాడు? ఎంత సరుకు పాడైంది? ఎన్నిసార్లు లేదని చెప్పి పంపాడు?