పాత నాణేల పుస్తకాలు: తూకానికి వేద్దామా, దాచుకుందామా?

వార్షికోత్సవం వస్తోందంటే మన హాస్టళ్ళలో ముందుగా ఖాళీ అయ్యేది పుస్తకాల బీరువా. పోటీ పరీక్షల పుస్తకాలకు చోటు కావాలి కాబట్టి పాతవి చిత్తుకాగితాల కింద పోతాయి. అట్ట ఊడిన నాణేల కేటలాగులు ఆ మూటలో పైనే ఉంటాయి. "ఇందులో ధరలు ఏ కాలం నాటివో!" అంటారు. నిజమే. ముప్పై ఏళ్ళనాటి ధర చూసి ఎవరూ కొనరు, అమ్మరు. కానీ ఆ పుస్తకంలో ఉన్నది ధర ఒక్కటే కాదు.

మన ప్రాంతం సంగతే చూద్దాం. భద్రాచలం తాలూకా 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువారి చేతికి పోయింది. గోదావరికి ఆ ఒడ్డున కల్దారు రూపాయి, ఈ ఒడ్డున బూర్గంపహాడ్ వైపు నిజాం హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఇంచుమించు ఆరు కల్దార్లు వచ్చేవి. హాలీ సిక్కా 1959లో పూర్తిగా రద్దయింది. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసిందీ ఆ ఏడాదే. అందుకే మన అమ్మమ్మల పెట్టెల్లో, తండాల్లో నానమ్మల మెడలోని రూపాయల దండల్లో రెండు రకాలూ కనిపిస్తాయి.

ఇంట్లో ఆపద వచ్చి ఆ దండ తెంపి అమ్మే రోజున పాత కేటలాగు పనికొస్తుంది. 1939 వరకు ముద్రించిన కల్దారు 11.66 గ్రాములు, వందకు దాదాపు 92 పాళ్ళు వెండి. 1940 నుంచి 1945 వరకు వచ్చిన వాటిలో సగమే వెండి. 1947 రూపాయిలో వెండి అసలు లేదు, నికెల్. చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయి 11.18 గ్రాములు, వెండి 82 పాళ్ళకు దగ్గర. 1942 తర్వాతివి మాత్రం సగం వెండే. అన్నిటినీ ఒకే గుప్పిట్లో పట్టి "అంతా కల్తీ వెండే" అనే వ్యాపారికి ఈ అంకెలతో జవాబు చెప్పవచ్చు. పుస్తకం ఎంత పాతదైనా ఈ అంకెలు మారవు.

హాలీ మీద సంవత్సరం హిజ్రీలో, పారశీ అంకెల్లో ఉంటుంది. వాటిని చదివే పట్టిక చాలా కేటలాగుల్లో దొరుకుతుంది. హిజ్రీని 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్క వస్తుంది. 1330 అంటే 1912 అన్నమాట. (రామమాడలని చూపించే బిళ్ళల్లో చాలావరకు పూజకు చేసినవే, చెలామణి నాణేలు కావు.)

పాత పుస్తకాల్లో లోట్లు లేవని మేము అనడం లేదు. శాతవాహన నాణేలపై రాప్సన్ 1908లో వేసిన గ్రంథంలో శ్రీముఖుని నాణెం లేదు. అవి 1970ల చివర్లో కోటిలింగాలలో వెలుగుచూశాయి. రాప్సన్‌నే నమ్ముకుని పరీక్ష రాస్తే మార్కులు పోతాయి. అయినా ఆనాటికి తెలిసిన నాణేల వివరం, ఫొటోలు అందులో ఉన్నాయి. నాణెం కరిగిపోతే మిగిలేది ఆ బొమ్మే.

బొమ్మలు, బరువులు లేని వట్టి ధరల పట్టీలు తూకానికి పోనివ్వండి. ఒకే కేటలాగు నాలుగు కాపీలుంటే మూడు పోయినా నష్టం లేదు. నాలుగోది మాత్రం సెలవులకు ఇంటికి పట్టుకెళ్ళి, దండలోని రూపాయలతో పోల్చి చూసి, మళ్ళీ బీరువాలో పెట్టండి.