గట్టు మీద కోట, పల్లంలో గుడారాలు

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, మిస్సోరి నదిని ఆనుకుని ఎత్తయిన గట్టు మీద ఉంది ఫోర్ట్ లెవెన్‌వర్త్. మిసిసిపీ నదికి పడమట, మూతపడకుండా నడుస్తున్న అమెరికా సైనిక స్థావరాల్లో అన్నిటికన్నా పాతది ఇదే. 1827లో కర్నల్ హెన్రీ లెవెన్‌వర్త్‌కు అందిన ఉత్తర్వు ప్రకారం శిబిరం తూర్పు ఒడ్డున వెయ్యాలి. ఆ నేల వరద పాలవుతుందని గ్రహించి ఆయన అవతలి ఒడ్డున గట్టెక్కాడు. ఈ స్థావరం చరిత్రను ఆ ఎత్తుపల్లాలను బట్టే చదవాలని నాకనిపిస్తుంది. గట్టు మీద ఎవరున్నారు, కింద ఎవరిని ఉంచారు?

రేవు నుంచి పైకి వచ్చే చోట నేల ఇప్పటికీ వెడల్పాటి కాలవలా కోసుకుపోయి ఉంటుంది. శాంటా ఫే, ఓరెగాన్ దారులు పట్టిన బళ్ల చక్రాలు చేసిన కోత అది.

అంతర్యుద్ధం ముగిశాక, 1866లో, నల్లజాతి సైనికులతో 10వ అశ్వికదళం ఇక్కడే పుట్టింది. దాని నాయకుడు కర్నల్ బెంజమిన్ గ్రియర్సన్ తెల్లవాడే. స్థావరాధికారి విలియం హాఫ్‌మన్‌కు మాత్రం ఆ దళమంటే గిట్టదు. వాళ్ల గుడారాలకు నీళ్లు నిలిచే పల్లం చూపించాడు. తడి నేల మీద పడుకుని సైనికులు న్యుమోనియా పాలయ్యారు. కవాతులో తెల్ల సైనికుల దగ్గరకు రాకూడదన్నాడు. గ్రియర్సన్ అందరి ఎదుటా వాదించాడు. చివరికి 1867లో దళాన్ని ఫోర్ట్ రైలీకి తరలించుకుపోయాడు.

పదేళ్లకు మళ్లీ అదే జరిగింది. సొంత నేల వదలనన్న నెజ్ పెర్స్ ప్రజలు వెయ్యి మైళ్లకు పైగా పోరాడుతూ నడిచి, కెనడా సరిహద్దు చేరబోతూ 1877 అక్టోబరులో లొంగిపోయారు. తిరిగి పంపిస్తామని కర్నల్ నెల్సన్ మైల్స్ వాళ్ల నాయకుడు జోసెఫ్‌కు మాట ఇచ్చాడు. సైన్యాధిపతి విలియం షెర్మన్ ఆ మాట చెల్లదన్నాడు. 400 మందికి పైగా ఉన్న ఆ బందీలను ఇక్కడి నది పల్లంలో ఉంచారు. చలికాలం గడిచింది, మలేరియా వచ్చింది. 1878 జులైలో వాళ్లను దక్షిణాదికి రైలెక్కించేలోగా 20 మందికి పైగా చనిపోయారు. జోసెఫ్ 1904లో కన్నుమూసేదాకా సొంత వల్లోవా లోయలో బతకనివ్వలేదు.

1881లో ఇక్కడ సైనికాధికారులకు బడి పెట్టించింది కూడా ఆ షెర్మనే. అదే నేటి కమాండ్ అండ్ జనరల్ స్టాఫ్ కాలేజీ. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ 1926లో ఇక్కడ తరగతిలో మొదటివాడుగా నిలిచాడు. మన జనరల్ సుందర్జీ, పాకిస్థాన్‌కు చెందిన జియా ఉల్ హక్ కూడా ఇక్కడ చదివినవారే. స్థావరంలో జీవితమంతా ఈ కాలేజీ క్యాలెండరుతోనే నడుస్తుంది. ఏటా వేసవిలో చదువు ముగించిన అధికారుల కుటుంబాలు సామాన్లు సర్దుకుంటాయి, కొత్తవి దిగుతాయి. పిల్లలకు స్నేహితులు కుదిరేలోపే బదిలీ వస్తుంది. విదేశీ అధికారుల కుటుంబాలను చుట్టుపక్కల ఊళ్లవాళ్లే చేరదీసి, ఇల్లు కుదుర్చుకోవడం దగ్గర్నుంచి తోడుంటారు.

1980ల మొదట్లో నల్లజాతి సైనికాధికారి కోలిన్ పావెల్ ఇక్కడ పనిచేస్తూ, నల్లజాతి రౌతుల గుర్తుగా ఏముందని వెతికాడు. 9వ, 10వ అశ్వికదళాల పేర్లున్న రెండు కంకర రోడ్లు తప్ప ఏమీ దొరకలేదు. స్మారకం కట్టాలన్న ఆలోచనకు ఆయన బీజం వేసి బదిలీ మీద వెళ్లిపోయాడు. ఆ తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పే నౌకాదళ అధికారి కార్ల్‌టన్ ఫిల్‌పాట్ ఆ పని భుజానికెత్తుకుని నిధులు కూడగట్టాడు. శిల్పి ఎడీ డిక్సన్ కంచులో ఒక రౌతును నిలబెట్టాడు. 1992 జులై 25న పావెల్ దాన్ని ఆవిష్కరించాడు. అప్పటికి ఆయన అమెరికా త్రివిధ దళాల ఉమ్మడి అధిపతుల సంఘానికి తొలి నల్లజాతి అధ్యక్షుడు.