మేడ మీదికి వైఫై ఎందుకు సరిగా అందదు?

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం కాలనీల్లో రెండు మూడంతస్తుల ఇళ్లు చాలానే ఉన్నాయి. రౌటర్ కింద హాల్లో ఉంటే, మేడ మీద వీడియో ఆగి ఆగి వస్తుంది. ఎందుకు? శ్లాబులో కాంక్రీటు, ఇనుప చువ్వల అల్లిక రేడియో తరంగాలను అడ్డుకుంటాయి. వేగంగా డేటా మోసే 5 గిగాహెర్ట్జ్ తరంగాలైతే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల కంటే త్వరగా బలహీనపడతాయి.

దీనికి ఒక పరిష్కారం మెష్ వైఫై. ఇందులో రౌటర్ లాంటి రెండు మూడు పెట్టెలు ఒకే నెట్‌వర్క్ పేరుతో ఇల్లంతా వైఫై ఇస్తాయి. కానీ అవి ఒకదానికొకటి వైర్‌లెస్‌గానే కలిస్తే, అదే శ్లాబు మళ్లీ అడ్డం! పైగా ఒక పెట్టె ఒకే బ్యాండ్ (తరంగాల శ్రేణి) మీద అందుకుని, దాని మీదే పంపితే వేగం దాదాపు సగమవుతుంది. అందుకే వాటిని ఈథర్‌నెట్ కేబుల్‌తో కలపడమే అన్నిటికన్నా నమ్మకమైన దారి. కుదరకపోతే, పెట్టెల మధ్య లింకుకు వేరే బ్యాండ్ వాడగల ట్రైబ్యాండ్ రకం తీసుకోండి. రెండో పెట్టెను సిగ్నల్ అందని గదిలో కాదు, సిగ్నల్ ఇంకా బాగున్న మెట్ల మలుపులో పెట్టండి. కొనేముందు ఒకటి తప్పక అడగాలి: సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు?