మీకు తెలుసా? ‘పి’ ఒక్కటి నొక్కితే ‘ప్రింట్’ పడేది!

హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివే రోజుల్లో, సుమారు పదిహేనేళ్ల వయసులో, సత్య నాదెళ్లకు తండ్రి బ్యాంకాక్ నుంచి ఒక కంప్యూటర్ కిట్ తెచ్చి ఇచ్చారు. అది 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో విడుదలైన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్.

రబ్బరు మీటలు, జెడ్80 ప్రాసెసర్, 16 లేదా 48 కిలోబైట్ల ర్యామ్. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు! ఇంట్లో టీవీయే దానికి తెర. ప్రోగ్రాములు దాచేది మామూలు పాటల క్యాసెట్లలో. పెద్ద ఆట లోడవడానికి క్యాసెట్ కీచుశబ్దం నాలుగైదు నిమిషాలు భరించాల్సిందే.

అసలు తమాషా టైపింగ్‌లో ఉంది. లైన్ నంబరు కొట్టి ‘పి’ నొక్కితే ‘ప్రింట్’ అనే మాట మొత్తం పడుతుంది. ‘జి’ నొక్కితే ‘గో టు’. మెమరీలో ఆ మాట తినేది ఒక్క బైటే. పిసినారితనమంటే అదీ!

ఎవరి అటక మీదైనా పాత స్పెక్ట్రమ్ దొరికితే, చేతికందిన అడాప్టర్ గుచ్చేయకండి. దానికి కావాల్సింది 9 వోల్టుల డీసీ, అదీ పిన్ను మధ్యలో నెగటివ్. బజార్లో దొరికేవాటిలో చాలావరకు మధ్యలో పాజిటివే. తేడా వస్తే బోర్డు కాలుతుంది. లోపలి మాడ్యులేటర్‌లో చిన్న మార్పు చేయిస్తే బొమ్మను టీవీ ఏవీ పోర్టుకు ఇవ్వొచ్చు.

యంత్రం లేనివారికి ‘ఫ్యూజ్’ అనే ఉచిత ఎమ్యులేటర్ ల్యాప్‌టాప్‌లోనే పనిచేస్తుంది. జైలాగ్ కంపెనీ మాత్రం అసలు జెడ్80 చిప్‌కు ఆఖరి ఆర్డర్ల గడువును 2024 జూన్‌తో ముగించింది.